ఫ్లీ మార్కెట్‌లో దొరికిన ఎడెల్వైస్ బ్యాడ్జీలు నిజంగా రెండో ప్రపంచ యుద్ధం నాటివేనా, ఎలా తేల్చుకోవాలి?

ఆల్ప్స్_ప్రేమి:
అందరికీ నమస్తే అండి. నేను చదువు కోసం మ్యూనిక్‌లో ఉంటున్నా, జర్మన్ పర్వత దళాల చరిత్ర అంటే చాలా ఇష్టం. ఇక్కడ ఫ్లీ మార్కెట్‌లో ఒక పెద్దాయన దగ్గర రెండు ఎడెల్వైస్ (ఆల్ప్స్‌లో పూసే తెల్ల పువ్వు, పర్వత దళాల గుర్తు) బ్యాడ్జీలు చూశా. ఒకటి టోపీకి పెట్టుకునే మెటల్ పువ్వు, కాడా ఆకులూ ఉన్నాయి. రెండోది చేతి మీద కుట్టుకునే కోడిగుడ్డు ఆకారం గుడ్డ బ్యాడ్జీ, పువ్వు చుట్టూ తాడు ఎంబ్రాయిడరీ. రెండూ మా నాన్నవి, ఆయన గెబిర్గ్స్‌యేగర్ (పర్వత దళ సైనికుడు), 1942లో కాకసస్ దాకా వెళ్ళొచ్చాడు అని చెప్పాడు. రేటు కూడా దానికి తగ్గట్టే ఉంది. కొనేముందు ఏమేం చూడాలి, యూవీ టార్చ్ వేస్తే తెలిసిపోతుందని ఒకరన్నారు అది నిజమేనా, అసలు జర్మనీలో ఇవి దగ్గర పెట్టుకోవడం లీగలేనా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

పాతబిళ్ళ:
కాకసస్ కథ ముందు పక్కన పెట్టేయండి, చేతిలో ఉన్న వస్తువు ఏం చెప్తోందో అదే చూడాలి. ఈ ఫీల్డ్‌లో కొత్తవాళ్ళు ఎక్కువ మోసపోయేది నకిలీలతో కాదండి, యుద్ధం తర్వాత వచ్చిన అసలు సరుకుతో. ఎడెల్వైస్ గుర్తు 1945తో ఆగిపోలేదు కదా. 1907లో ఆస్ట్రియా-హంగరీ పర్వత దళాలకి ఇచ్చారు, 1915లో డోలమైట్స్ కొండల్లో వాళ్ళతో కలిసి పోరాడిన జర్మన్ పర్వత దళం ఆల్పెన్‌కోర్‌కి వాళ్ళే ఇచ్చారు, అక్కడి నుంచి వేర్‌మాక్ట్‌కి (నాజీల కాలం నాటి సైన్యం) వచ్చింది, తర్వాత బుండెస్‌వేర్ (యుద్ధం తర్వాతి జర్మన్ సైన్యం) కూడా కొనసాగించింది. బాడ్ రైఖెన్‌హాల్‌లో ఉండే 23వ గెబిర్గ్స్‌యేగర్ బ్రిగేడ్ వాళ్ళు ఈరోజుకీ బెర్గ్‌మ్యుట్సె (పర్వత దళాల టోపీ)కి ఎడమ పక్కన ఇదే పువ్వు పెట్టుకుంటారు. అంటే 1960ల్లో సైన్యంలో చేసినవాడి పువ్వు కూడా ఇప్పటికి అరవై ఏళ్ళ పాతదే, తుప్పూ మాసిన రంగూ అన్నీ నిజమైనవే ఉంటాయి, కానీ యుద్ధానిది కాదు. పెద్దాయన అబద్ధం చెప్తున్నాడనుకోనక్కర్లేదు, ఇంట్లో ఒకే డబ్బాలో తండ్రివీ కొడుకువీ కలిసిపోయినా ఇలాగే అవుతుంది.

మెటల్ పువ్వు విషయానికొస్తే, కాడతో ఉన్నది బెర్గ్‌మ్యుట్సెది, కాడ టోపీ ముందువైపుకి తిరిగి ఉండేలా పెట్టేవాళ్ళు. ముందు నుదుటి మీదకి గట్టి అంచు ఉండే షిర్మ్‌మ్యుట్సె టోపీకి మాత్రం కాడ లేని చిన్న పువ్వు, గద్ద గుర్తుకీ కొకార్డ్‌కీ (గుండ్రటి రంగుల బిళ్ళ) మధ్యలో. మొదట్లో మంచి లోహంతో వెండి పూత వేసి చేసేవాళ్ళు, యుద్ధం ముదిరేకొద్దీ రాగి, నికెల్ ఆయుధాలకి కావాల్సొచ్చి జింక్‌కి దిగారు. జింక్ అయితే పూత పోయి బూడిద రంగులోకి మారుతుంది. మధ్యలో కేసరాలకి బంగారు రంగు ఉండాలి. ఇప్పుడు తిరగేసి వెనక చూడండి, ఇది చాలా ముఖ్యం. డైతో కొట్టిన దాంట్లో రేకుల మీద గీతలు పదునుగా తెగి ఉంటాయి. అసలు దాని నుంచి అచ్చు తీసి పోత పోసిన కాపీలో ఆ గీతలు మొద్దుబారిపోతాయి, వెనకవైపు సన్నని గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి, అంచు మీద అతుకు గీత కూడా ఉండొచ్చు. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి, యూవీ టార్చ్ కంటే అదే ఎక్కువ ఉపయోగం.

నూలుపోగు:
గుడ్డ బ్యాడ్జీ గురించి నేను చెప్తా. చేతి ఎడెల్వైస్ 1939 మే 2న వచ్చింది, కుడి భుజం కింద కుట్టుకునేవాళ్ళు. ముదురు ఆకుపచ్చ లేదా ఫీల్డ్‌గ్రే (యూనిఫామ్ బూడిద-ఆకుపచ్చ) ఉన్ని గుడ్డ మీద తెల్ల రేకులు, పసుపు కేసరాలు, ఆకుపచ్చ కాడ, చుట్టూ తాడు, ఆ తాడుకి రాతిలో దిగ్గొట్టే మేకు ఒకటి. మెషిన్ ఎంబ్రాయిడరీవి ఉన్నాయి, నేసినవి ఉన్నాయి, ఆఫీసర్లకి చేత్తో కుట్టినవీ ఉన్నాయి. నేను ముందు చూసేది అంచు. ఇప్పటి ప్యాచ్‌లకి చుట్టూ లావుపాటి ఓవర్‌లాక్ కుట్టు ఉంటుంది, వెనక ప్లాస్టిక్ పొర, ఇస్త్రీ పెట్టి అంటించే జిగురు ఉంటాయి, ఈ మూడింట్లో ఒక్కటి కనపడినా వదిలేయండి. యుద్ధకాలంది కత్తిరించిన గుడ్డ, అంచు లోపలికి మడిచి యూనిఫామ్‌కి కుట్టేవాళ్ళు. వాడినదైతే మడతలో దాగిన గుడ్డ రంగు బయటి గుడ్డ రంగు కంటే కొత్తగా ఉంటుంది, అది దొంగగా తెప్పించడం చాలా కష్టం.

యూవీ సంగతి. ఇప్పటి దారాలు చాలావరకు ఆ వెలుతురులో మెరుస్తాయని ఆ టెస్ట్ చేస్తారు. కానీ నకిలీ తయారుచేసేవాళ్ళకి కూడా ఆ టెస్ట్ తెలుసు, వెలగని దారం వెతికి వాడతారు, కాబట్టి వెలగలేదు అంటే అసలుది అని కాదు. ఇటు అసలుదాన్ని యుద్ధం తర్వాత ఏ ఇంట్లోనో డిటర్జెంట్‌లో ఉతికి ఉంటే అది కూడా మెరుస్తుంది. పాలిస్టర్ పోగు దొరికితే మాత్రం ఇక మాట్లాడే పని లేదు, అప్పట్లో జర్మన్ యూనిఫామ్‌లలో పాలిస్టర్ లేదు. ఊడిపోయిన పోగు చివర కాల్చి చూస్తే ఉన్ని అయితే జుట్టు కాలిన వాసనొచ్చి పొడి అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. కొనకముందు మాత్రం అడగకుండా ఎవరి వస్తువు మీదా చేయకండి. ఇంకొకటి, నల్ల గుడ్డ, తాడు లేని పువ్వు కనిపిస్తే అది ఎస్ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) పర్వత దళాలది అని అమ్ముతారు, దాంట్లో నకిలీలు విపరీతం, మొదట్లోనే దాని జోలికి వెళ్ళొద్దు.

చరిత్ర_దారి:
లీగల్ సంగతికొస్తే దగ్గర పెట్టుకోవడం నేరం కాదు. స్వస్తిక, ఎస్ఎస్ రూన్‌ల (పాతకాలపు అక్షరాల గుర్తులు) లాంటి గుర్తులని బహిరంగంగా చూపించడం, పంచడం జర్మన్ శిక్షాస్మృతి 86ఎ కింద నేరం, రీసెర్చ్‌కీ చదువుకీ మినహాయింపు ఉంది. సైన్యం ఎడెల్వైస్‌లో స్వస్తిక లేదు కాబట్టి మీ రెండింటికీ ఆ గొడవ లేదు.

కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1942లో కాకసస్‌లో ఎల్బ్రుస్ శిఖరం ఎక్కిన 1వ గెబిర్గ్స్ (పర్వత) డివిజనే 1943 ఆగస్టు 16న గ్రీసులో కొమ్మెనో ఊళ్ళో మూడొందల మందికి పైగా జనాన్ని చంపింది, పసిపిల్లలతో సహా. సెప్టెంబర్‌లో కెఫలోనియా దీవిలో లొంగిపోయిన ఇటాలియన్ సైనికులని వేల మందిని కాల్చేసిన వాళ్ళలోనూ ఈ డివిజన్ వాళ్ళున్నారు. మీ కలెక్షన్‌లో ఆ పువ్వు పక్కన రాసే కార్డు మీద ఎల్బ్రుస్ రాస్తే కొమ్మెనో కూడా రాయండి.

ఆల్ప్స్_ప్రేమి:
చాలా థాంక్స్ అండి అందరికీ. కొమ్మెనో గురించి నాకు తెలీదు, తప్పకుండా చదువుతా, కార్డు మీద రాస్తా కూడా. ఇంకో డౌట్, ఆయన దగ్గరే నార్విక్ షీల్డ్ (1940లో నార్వేలోని నార్విక్‌లో పోరాడినవాళ్ళకి ఇచ్చిన చేతి బ్యాడ్జీ) కూడా ఉంది, దాని మీద స్వస్తిక లేదు, చెరిపేసిన గుర్తులు కూడా ఏమీ లేవు, అమ్మడానికి అరగదీశారేమో అనుకున్నా కానీ చాలా నున్నగా ఉంది. అది కూడా అసలుదేనా?

పాతబిళ్ళ:
అది అరగదీసింది అయ్యుండదు, 1957 మోడల్ అయ్యుంటుంది. ఆ ఏడాది పశ్చిమ జర్మనీ చట్టం చేసి, యుద్ధంలో వచ్చిన పతకాలని నాజీ గుర్తు తీసేసిన రూపంలో పెట్టుకోవచ్చంది, దాంతో అన్నీ కొత్తగా కొట్టారు. 1940 ఆగస్టులో పెట్టిన అసలు షీల్డ్‌కి పైన గద్ద, దాని కాళ్ళ కింద స్వస్తిక ఉంటాయి, సైన్యానికీ లుఫ్ట్‌వాఫెకీ (వైమానిక దళం) వెండి రంగు, నేవీకి బంగారు రంగు. 1957ది నిజాయితీ గల వస్తువే, అసలుగా నార్విక్‌లో పోరాడినవాడే పెట్టుకునుండొచ్చు, కానీ దానికి 1940 రేటు ఇవ్వకండి. అయినా అది ఆ బల్ల మీదే ఉందంటే మీకో పెద్ద క్లూ దొరికినట్టే, ఆ కుటుంబం యుద్ధం తర్వాత కూడా ఇవి కొనుక్కుంది, కాబట్టి మెటల్ పువ్వు కూడా అప్పటిదే అయ్యే ఛాన్స్ పెరిగింది. ఈసారి వెళ్ళినప్పుడు పువ్వు వెనకా, గుడ్డ వెనకా దగ్గరగా ఫోటోలు తీసి పెట్టండి, చూసి చెప్తాం, అప్పటిదాకా అడ్వాన్స్ ఏమీ ఇవ్వకండి.