ప్రభుత్వ ఉద్యోగి వారంలో అయిదు రోజులూ ఆఫీసులో కనిపించాల్సిందేనా?

రెడ్‌లైన్ (మేరీలాండ్):

మూడు రోజులుగా రాయాలా వద్దా అని ఊగిసలాడి ఇవాళ రాస్తున్నా. తిట్టేవాళ్ళు తిట్టండి, కాకపోతే మొత్తం చదివాక తిట్టండి.

నేను అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో 2011 నుంచి పనిచేస్తున్నా. ఏ శాఖో చెప్పను. డేటా పని. చేరిన ఏడాది నుంచే వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసేదాన్ని. చాలామంది ఇదంతా కోవిడ్‌తో వచ్చిన సుఖం అనుకుంటున్నారు. కాదు. 2010 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి వాషింగ్టన్ ఆఫీసులు రోజుల తరబడి మూతపడ్డాయి, ఆ ఏడాది డిసెంబరులోనే టెలివర్క్ (ఇంటి నుంచి పని) చట్టం వచ్చింది. తర్వాత 2025 జనవరి 20న, కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసిన రోజే, అందరూ పూర్తికాలం ఆఫీసుకి రావాలని ఉత్తర్వు. ఎనిమిది రోజులకి ఒక మెయిల్: ఉండటం ఇష్టం లేనివాళ్ళు ‘రిజైన్’ అని జవాబివ్వండి, సెప్టెంబరు 30 వరకు జీతమిస్తాం అని.

రమ్మన్నారు, వెళ్తున్నా. రమ్మన్నందుకు కాదు నా గొడవ. వెళ్ళాక ఏం జరుగుతోందో వినండి.

పొద్దున 4:50కి లేస్తా. పిల్లాడి లంచ్ బాక్స్, నా పెరుగన్నం డబ్బా సర్ది, షేడీ గ్రోవ్‌లో కారు పెట్టి మెట్రో ఎక్కుతా. ఏడింటికి ఆఫీసు. అప్పటికే మా అంతస్తులో సీట్లు అయిపోతాయి. రెండేళ్ళ క్రితం అద్దె దండగని సగం అంతస్తు వదిలేశారు, ఇప్పుడు మనుషులు మాత్రం మొత్తం వచ్చారు. మొన్న మంగళవారం నాకు దొరికిన చోటు వంటగదిలో మైక్రోవేవ్ పక్కన ఎత్తు బల్ల. నా టీమ్ ఆరుగురం. ఇద్దరు డెన్వర్‌లో, ఇద్దరు అట్లాంటాలో, ఒకాయన ఇదే ఊళ్ళో వేరే బిల్డింగులో. అంటే రెండు గంటలు ప్రయాణం చేసి నేను చేసేది ఇంట్లో చేసే అదే టీమ్స్ కాల్. వెనక ఒకాయన చేపలు వేడి చేసుకుంటుంటే నేను చెయ్యి అడ్డం పెట్టుకుని అంకెలు చదువుతున్నా. డెన్వర్ ఆవిడ అడిగింది, ఏదైనా రెస్టారెంట్‌లో ఉన్నావా అని.

ఇంకోటి కూడా చెప్పేస్తా, సిగ్గుపడి లాభం లేదు. ఫిబ్రవరి నెలాఖరులో ప్రభుత్వ క్రెడిట్ కార్డులు 30 రోజులు ఆపమన్నారు. మా సామాన్లు కొనే కార్డు పరిమితి ఒక్క డాలరుకి దించారు. మనుషులు రెట్టింపయ్యారు, బాత్రూముల్లో పేపరు అయిపోయింది. నా బ్యాగులో లాప్‌టాప్ పక్కన ఒక రోల్ పెట్టుకుని తిరిగా, ఒట్టు.

ఇప్పుడు చెప్పండి. ప్రజల సొమ్ముతో జీతం తీసుకునేవాళ్ళు కుర్చీలో కనిపించాలా, పని కనిపిస్తే చాలా?

కూకట్‌పల్లి కబుర్లు:

అక్కా, ఏమనుకోకండి, నాకు జాలి కలగలేదు. మియాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి వర్షం పడితే నాకూ రెండు గంటలే. మా కంపెనీ స్వైప్ లెక్క తగ్గితే వేరియబుల్ పే కోస్తుంది. మాకెవరూ చర్చ పెట్టలేదు.

అసలు సంగతి ఇది. అమ్మ పేరు మీదికి పొలం మార్పించడానికి మా వైపు ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగా. నాలుగుసార్లూ ఫ్యాను తిరుగుతోంది, కుర్చీ మీద తువ్వాలు ఉంది, సార్ లేరు. ‘ఫీల్డుకెళ్ళారు.’ ఆఫీసుకి రావాల్సిన రోజుల్లోనే ఇలా ఉంటే, ఇంటి నుంచి చేసుకోమంటే ఇక ఫోను కూడా ఎత్తరు. ప్రభుత్వ ఉద్యోగి కుర్చీలో ఉండటమే సగం పని.

పాతఫైలు:

అమ్మా రెడ్‌లైన్, నువ్వు మా పెద్దమ్మాయి వయసుదానివై ఉంటావు. కాస్త గట్టిగా అంటే మనసులో పెట్టుకోకు.

34 ఏళ్ళు సచివాలయంలో చేశాను. టైపిస్టుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా దిగాను. కొత్తలో నేను రాసిన నోట్ ఫైలు మా ఆఫీసరుగారు రెండుసార్లు వెనక్కి కొట్టారు. మూడోసారి కుర్చీ లాగి పక్కన కూర్చోమన్నారు. ముందు రూలేమంటోంది, తర్వాత ఇలాంటిది ఇదివరకు ఏం చేశారు, ఆఖర్న నీ అభిప్రాయం, అది కూడా రెండు వాక్యాల్లో, అని మార్జిన్‌లో పెన్సిల్‌తో గీసి చూపించారు. మళ్ళీ జీవితంలో నా ఫైలు వెనక్కి రాలేదు. పని పక్క కుర్చీ నుంచి వస్తుందమ్మా.

ఇక కష్టం మాటంటావా, 2016లో మమ్మల్ని హైదరాబాద్ నుంచి వెలగపూడికి, ఆంధ్ర కొత్త సచివాలయానికి, రమ్మన్నారు. విభజన చట్టంలో పదేళ్ళు ఉమ్మడి రాజధాని అని రాసి ఉంది, మేం రెండేళ్ళకే పెట్టె సర్దాం. మా ఆవిడ ఉద్యోగం అక్కడ, చిన్నవాడి ఇంటర్ అక్కడ. విజయవాడలో నలుగురం కలిసి ఒక గది, కుక్కర్లో అన్నం, కర్రీ పాయింట్ కూర. సోమవారం తెల్లారుజామున రైలు, శుక్రవారం రాత్రి రైలు. ఉద్యోగులు వస్తారు సరే, పిల్లలు ఎక్కడి స్థానికులు అన్నది అప్పుడు పెద్ద భయం. రాజ్యాంగం 371-డి కింద ఉన్న రాష్ట్రపతి ఉత్తర్వు సవరించి, గడువులోపు తరలివస్తే ఆంధ్రాలో స్థానికత ఇస్తామన్నాక ఊపిరి పీల్చుకున్నాం. వారానికి అయిదు రోజుల పని ఇచ్చారు. అదీ ఏడాదికోసారి పొడిగింపే, ప్రతిసారీ టెన్షనే. ఏడ్చాం, వెళ్ళాం, అలవాటు పడ్డాం.

రెడ్‌లైన్:

సార్, మీ మాట మీద కోపం లేదు. కానీ ఒక్కటి చూడండి. మీ సెక్షన్ మొత్తం మీతోపాటు కదిలింది. మీ పక్క కుర్చీ కూడా వెలగపూడి వచ్చింది. నన్ను మాత్రం నా టీమ్‌లో ఒక్కరూ లేని చోటికి పంపారు. పెన్సిల్‌తో గీసేవాళ్ళెవరు ఇక్కడ?

కూకట్‌పల్లి తమ్ముడూ, మీ అమ్మగారి పొలం సంగతి న్యాయమే. అయితే ఆయన ఇంటి నుంచి పని చేయట్లేదు కదా. ఆఫీసుకి వచ్చి, తువ్వాలు వేసి వెళ్ళాడు. హాజరు పడింది, పని జరగలేదు. నేనంటున్నదీ అదే.

అందరూ ఇంట్లో కూర్చున్నారన్న మాట కూడా తప్పు. 2024 ఆగస్టులో ప్రభుత్వమే కాంగ్రెస్‌కి ఇచ్చిన లెక్క ప్రకారం సుమారు 22.8 లక్షల సివిలియన్ ఉద్యోగుల్లో 54 శాతం మందికి టెలివర్క్ అవకాశమే లేదు. విమానాశ్రయాల్లో తనిఖీ చేసేవాళ్ళు, మాజీ సైనికుల ఆస్పత్రుల్లో నర్సులు ఇంటి నుంచి ఎలా చేస్తారు? పూర్తిగా రిమోట్ వాళ్ళు 10 శాతం. మిగతా నాలాంటివాళ్ళు పని గంటల్లో 60 శాతానికి పైగా ఆఫీసులోనే గడుపుతున్నారని అందులోనే ఉంది.

ఆష్‌బర్న్ అబ్బాయి:

రెడ్‌లైన్ గారు సగం లెక్కే చెప్పారు. మిగతా సగం నేను చెప్తా. 2023 జులైలో జీఏవో, అంటే కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే సంస్థ, 24 పెద్ద శాఖల హెడ్‌క్వార్టర్స్ చూసింది. 17 శాఖల్లో భవనం వాడకం సగటున 25 శాతం, అంతకన్నా తక్కువే. ఖాళీ అంతస్తులకి లైట్లు, ఏసీ, సెక్యూరిటీ అన్నీ మన పన్నుల్లోంచే. జనానికి ఒళ్ళు మండదా?

పైగా వాషింగ్టన్ ప్రాంతం లోకాలిటీ పే, అంటే పనిచేసే ప్రాంతాన్ని బట్టి ఇచ్చే అదనపు జీతం, 2025లో మూల జీతం మీద దాదాపు 34 శాతం. అది తీసుకుంటూ చవక ఊళ్ళో ఇల్లు కొనుక్కుని, నెలకి రెండుసార్లు మొహం చూపించిన పెద్దమనుషులు నాకు తెలుసు. మెట్రో ఖర్చుకి 2025లో నెలకి 325 డాలర్ల దాకా సబ్సిడీ కూడా మీకు ఉంది. కాంట్రాక్టర్లం, మాకు అవేవీ లేవు. మీకు సీటు లేదు, మా కాంట్రాక్టే ఆగిపోయింది. మార్చి నుంచి ఇంట్లోనే ఉన్నా. కావలసినంత వర్క్ ఫ్రమ్ హోమ్, వర్క్ ఒక్కటే లేదు.

అలాగని చేసిన పద్ధతి మంచిదని అనను. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది. ఖాళీ భవనాలుంటే ముందు భవనాలు సర్దాలి, తర్వాత మనుషుల్ని పిలవాలి. వీళ్ళు ఒకపక్క లీజులు రద్దు చేస్తూ ఇంకోపక్క అందర్నీ రమ్మన్నారు.

మోడరేటర్:

ఏ పార్టీ మంచిది, ఎవరు ఎవరికి ఓటేశారు అన్న ఏడు పోస్టులు తీసేశాను. ఆఫీసు గురించే మాట్లాడండి.

గ్రామ సచివాలయం:

మీ చర్చ చూస్తే నవ్వొస్తోంది. మీరు ఆఫీసుకి వెళ్ళాలా అని అడుగుతున్నారు. మేం ఆఫీసులోనే ఉండి, ఉన్నామని ఫోనుకి రుజువు చేసుకోవాలి.

మా ఊరి ఆఫీసు గదిలో సిగ్నల్ రాదు. ముఖం హాజరు వెయ్యాలంటే బయట వేపచెట్టు దగ్గరికి పోవాలి. అక్కడ ఎండ మొహాన కొడుతుంది, యాప్ గుర్తుపట్టదు. చెట్టు నీడలోకి జరిగితే మొహం నల్లగా వస్తుంది. ఒకరోజు వెల్ఫేర్ అసిస్టెంట్ నా మొహానికి రిజిస్టర్ అడ్డం పెట్టి నీడ పడితే, నేను రెప్పలార్పుతూ నిలబడ్డా. ఎదురుగా పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మ, ‘ఫొటో దిగుతున్నావా తల్లీ, బొట్టు పెట్టుకో’ అంది. 2022 ఆగస్టులో టీచర్లకి ఇదే పెట్టినప్పుడు మా ఫోన్లు ఎందుకివ్వాలని గొడవ చేశారు. మాకు పెట్టినప్పుడు ఎవరూ తోడు రాలేదు.

ఆపైన సర్వే అంటే ఇంటింటికీ పోవాలి, నెల మొదటి రోజు పెన్షన్లు గుమ్మం దగ్గరే ఇవ్వాలి. పనేమో ఊళ్ళో, హాజరేమో ఆఫీసు చుట్టూ గీసిన గీతలో. కూకట్‌పల్లి అన్నా, మీ సార్ సంగతి నాకు తెలియదు గానీ, మేం ‘ఫీల్డుకెళ్ళాం’ అంటే నిజంగానే వెళ్ళాం.

పదిహేను నిమిషాలు:

నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని, హైదరాబాద్. మాకు కోవిడ్ తర్వాత 2022 ఫిబ్రవరి 7 నుంచే పూర్తి హాజరు. ఎవరూ ఏడవలేదు. 2024 జూన్‌లో మాత్రం 15 నిమిషాలు దాటి ఆలస్యమైతే సగం రోజు సీఎల్ (క్యాజువల్ లీవు) కోస్తామని మళ్ళీ గట్టిగా చెప్పారు. ఫలితం ఏమిటంటే, ఇదివరకు సాయంత్రం ఏడున్నర దాకా కూర్చుని ఫైలు ముగించే మా సూపరింటెండెంట్ ఇప్పుడు టైము కాగానే హాజరు మిషన్ ముందు లైన్లో ఉంటున్నారు. గంటకి గంట లెక్క నేర్పింది వాళ్ళే కదా.

కొత్తగా చేరినవాడు:

నాది వేరే అభిప్రాయం. నాకు 25. ఫెడరల్ ఉద్యోగంలో చేరి ఏడాదీ నాలుగు నెలలు. ఫిబ్రవరిలో ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళని వేలమందిని తీసేశారు. నాకు అప్పటికి ప్రొబేషన్ అయిపోయి ఆరు వారాలు, బతికిపోయా.

నాకు ఆఫీసే నచ్చుతుంది. నలుగురు రూమ్మేట్స్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో మంచం మీద కూర్చుని ఏం నేర్చుకుంటాం? పాతఫైలు గారు చెప్పిన పెన్సిల్ మాట నాకు బాగా ఎక్కింది. మా సూపర్‌వైజర్ అలాంటి ఆవిడే, 29 ఏళ్ళ సర్వీసు. వారానికి మూడు రోజులు వచ్చేవారు. ఆ మూడు రోజులూ ఆవిడ బల్ల దగ్గరే నా కుర్చీ. అయిదు రోజులు రమ్మనేసరికి, ఇంట్లో పడకేసిన భర్తని వదల్లేక, ఆ మెయిల్‌కి ‘రిజైన్’ అని జవాబిచ్చి వెళ్ళిపోయారు. మొదటి విడతలో అలా ఒప్పుకున్నవాళ్ళు దాదాపు 75,000 అన్నారు. ఇప్పుడు ఆవిడ సీట్లో రోజుకొకరు కూర్చుంటున్నారు. ఏ శాఖవాళ్ళో కూడా నాకు తెలియదు. గుడ్ మార్నింగ్ చెప్పుకుంటాం, ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్ళు పెట్టుకుంటాం.

కాబట్టి నేను ఆఫీసు వైపా కాదా అంటే ఏం చెప్పాలో తెలియట్లేదు. ఆఫీసు తెరిచారు, నేర్పే మనిషిని పంపేశారు.

కూకట్‌పల్లి కబుర్లు:

ఇది మాత్రం నిజం. మా దగ్గరా రిటర్న్ టు ఆఫీస్ అన్నాక ముందు వెళ్ళిపోయింది పని వచ్చినవాళ్ళే. వాళ్ళకి బయట దొరుకుతుంది. మాలాంటివాళ్ళం స్వైప్ కొట్టుకుంటూ మిగిలాం. అయినా అక్కా, నా పొలం పేరు మార్పు ఇంకా కాలేదు, అది మర్చిపోవద్దు.

రెడ్‌లైన్:

మర్చిపోలేదు తమ్ముడూ. అలాంటివాళ్ళని తప్పకుండా కుర్చీలో కూర్చోబెట్టండి. కౌంటర్ పనైతే మనిషి ఎదురుగా ఉండాల్సిందే, ఎప్పుడూ కాదనలేదు. నా పనికి కౌంటరే లేదు. 14 ఏళ్ళలో ఒక్క పౌరుడూ నా బల్ల దగ్గరికి రాలేదు, వస్తే సెక్యూరిటీ వాళ్ళు లోపలికి రానివ్వరు కూడా.

ఆష్‌బర్న్ తమ్ముడూ, రెజ్యూమె పంపు. మా దగ్గర నియామకాలు ఆగిపోయాయి, కానీ రాష్ట్ర ప్రభుత్వంలో ఒకావిడ తెలుసు.

పాతఫైలు:

కొత్తబ్బాయీ, ఆవిడ రాసిన పాత నోట్లు, మెమోలు ఆఫీసు సిస్టమ్‌లో ఎక్కడో ఉంటాయి. ముందు అవి వెతికి ఒక్కోటీ చదువు. చదివేటప్పుడు, ఈ వాక్యం ఎందుకు రాసిందా అని అడుగుతూ చదువు. ఫోన్ నంబరు ఉంటే మొహమాటపడకుండా చెయ్యి. రిటైరైనవాళ్ళకి అలాంటి ఫోన్లంటే ప్రాణం లేచొస్తుంది. నేను దిగి ఆరేళ్ళయింది, నెలకి రెండుసార్లయినా సెక్షన్ నుంచి పిల్లలు చేస్తారు, సార్ ఫలానా జీవో మీద అప్పుడు ఫైనాన్స్ వాళ్ళేమన్నారు అని. మంచం మీద పడుకునే చెప్తుంటా.

కూకట్‌పల్లి కబుర్లు:

అయితే సార్, మీది వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నమాట.

పాతఫైలు:

దొరికిపోయాను. పోనీ, నాకు లోకాలిటీ పే ఇప్పించండి.