“నా దగ్గర దాచాడు”: ఒకే క్రియలో స్నేహమూ ప్రేమా

సభ్యులకు నమస్కారం. సూపర్‌హీరో కామిక్స్‌లో స్నేహమూ ప్రేమా ఎలా నడిచాయన్న విషయం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తూ, “నా దగ్గర దాచాడు” అనే చిన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. “వాడు నా దగ్గర డబ్బు దాచాడు” అంటే నన్ను నమ్మి నా చేతికి అప్పగించాడని అర్థం. “వాడు నా దగ్గర సంగతి దాచాడు” అంటే నాకు తెలియనివ్వలేదని అర్థం. క్రియ మారలేదు, “దగ్గర” మారలేదు, నమ్మకం మాత్రం తలకిందులయింది. ముసుగు వీరుల కథల్లో స్నేహితునికీ ప్రేయసికీ ఉన్న తేడా అంతా ఈ రెండు వాక్యాల నడుమనే ఉందని నాకు తోస్తున్నది.

మొదటి ఉదాహరణ అందరికీ తెలిసినదే. జెర్రీ సీగెల్, జో షుస్టర్ సృష్టించిన సూపర్‌మాన్ 1938 జూన్ తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో కనిపించాడు, లోయిస్ లేన్ కూడా ఆ సంచికలోనే ఉన్నది. సూపర్‌మాన్ మామూలు మనిషి వేషంలో పెట్టుకున్న పేరు క్లార్క్ కెంట్. ఆ క్లార్క్ ఆమెను నాట్యశాలకు తీసుకువెళతాడు. ఒక రౌడీ వచ్చి ఆమెతో తానే నాట్యం చేస్తానని దబాయిస్తే, క్లార్క్ తన గుట్టు బయటపడకూడదని పిరికివానిలా నటిస్తాడు. లోయిస్ ఆ రౌడీ చెంప తానే పగలగొట్టి, క్లార్క్‌ను పిరికివాడని ఈసడించి, టాక్సీ ఎక్కి వెళ్లిపోతుంది. రౌడీలు వెంటపడి ఆమెను ఎత్తుకుపోతే, వారి కారును పైకెత్తి విదిలించేది సూపర్‌మానే. ఒకే మనిషిని ఆమె ఒక వేషంలో ఛీకొట్టి, మరొక వేషంలో ఆరాధిస్తుంది. ముక్కోణపు ప్రేమకథకు ముగ్గురు కావాలి కదా, ఇక్కడ ఇద్దరితోనే సరిపోయింది.

ఊహాకథలను, సమాంతర ప్రపంచపు కథలను పక్కన పెడితే, ప్రధాన కథలో ఈ దాపరికం యాభై ఏళ్లు దాటింది. క్లార్క్ పెళ్లి ప్రస్తావన తెచ్చి ఆమెను ఒప్పించినది 1990 డిసెంబరు సంచికలో, తాను సూపర్‌మాన్‌నని చెప్పినది 1991 ఫిబ్రవరి సంచికలో. వరుస గమనించండి: ముందు నిశ్చయం, తరువాత నిజం. పెళ్లి 1996లో జరిగింది. దీనికి పక్కన 1961లో మొదలైన, నలుగురు వీరుల జట్టు కథ అయిన ఫెంటాస్టిక్ ఫోర్‌ను పెట్టి చూడండి. ఆ నలుగురికీ రహస్య జీవితమంటూ లేదు, వారి పేర్లు ఊరందరికీ తెలుసు. వారిలో రీడ్ రిచర్డ్స్, సూ స్టార్మ్‌ల పెళ్లి 1965లోనే అయిపోయింది. ఆలస్యానికి ప్రచురణకర్తల లెక్కలు కూడా కారణమేనని ఒప్పుకుంటాను, కాని దాచడానికి ఏమీ లేనిచోట కథ సాగదీయడం కష్టమన్నది కూడా నిజమే.

ఇక స్నేహం సంగతి. భర్తృహరి సన్మిత్ర లక్షణాలు చెబుతూ “గుహ్యం నిగూహతి” అన్నాడు. ఏనుగు లక్ష్మణకవి దానిని “గోప్యంబు దాఁచు” అని తెలిగించాడు. మిత్రుని గుట్టు కాపాడేవాడే మిత్రుడని భావం. మీ అభిప్రాయం కోరుతున్నది ఇక్కడే: ఆ “దాఁచు”కు, క్లార్క్ లోయిస్ దగ్గర చేసిన పనిలోని “దాచు”కు ఒకటే అర్థమా, రెండు అర్థాలా?

మొదటి స్పందన:

అర్థం ఒకటే, కర్మ వేరు. దాచుట అంటే ఒక వస్తువును కనబడనిచోట ఉంచడం, అంతే. మీరు చూపిన రెండు వాక్యాల్లో “దగ్గర” అనే మాటే రెండు పనులు చేస్తున్నది. డబ్బు విషయంలో అది చోటును చెబుతుంది, సంగతి విషయంలో ఎవరికి కనబడకూడదో చెబుతుంది. అదీగాక, “వాడు నా దగ్గర రహస్యం దాచాడు” అంటే తెలుగువారెవరూ “నాకు అప్పగించాడు” అని అర్థం చేసుకోరు, అందుకు “నాతో చెప్పుకున్నాడు” అంటాము. కనుక మీరన్న అయోమయం వాడుకలో లేదు, మీ పోలికలో మాత్రమే ఉంది.

పద్యం విషయంలో ఒక మాట చేర్చవచ్చు. సంస్కృతంలో “గుహ్యం”, “నిగూహతి” రెండూ గుహ ధాతువు నుండి వచ్చినవే, దాని అర్థం కప్పడం. తెలుగులో “గోప్యం” గుప ధాతువు నుండి వచ్చినది, దాని అర్థం రక్షించడం. అది తేటగీతి, ఆ చోట “గుహ్యంబు” అని రాసినా తగణమే అవుతుంది కనుక ఛందస్సు కోసం మార్చాడని చెప్పలేము. తెలుగు వాడుకలో “గుహ్యం” అనే మాటకు వేరొక అర్థం ఉన్నందున కవి తప్పుకొని ఉండవచ్చు. కారణం ఏదైనా, ఫలితం మంచిదే అయింది: కప్పదగినది పోయి, కాపాడదగినది వచ్చింది.

చర్చ ప్రారంభించినవారి సమాధానం:

కర్మను బట్టి అర్థం తేలుతుందన్న మీ సవరణను అంగీకరిస్తున్నాను. కాని కామిక్స్‌లో రహస్యం వట్టి సంగతి కాదు, అది చొక్కా కింద తొడుక్కున్న దుస్తులు, ముసుగు, ఇంటి కింద గుహ. వాటిని ఒకరి దగ్గర డబ్బు దాచినట్లే దాచవచ్చు. 1940 ఏప్రిల్ సంచికలో బ్యాట్‌మాన్ అనాథ బాలుడైన డిక్ గ్రేసన్‌ను చేరదీసి, కొవ్వొత్తి వెలుగులో చెయ్యెత్తించి ప్రమాణం చేయిస్తాడు. ఆ పిల్లవాడే రాబిన్. ప్రేయసికి ఏళ్ల తరబడి దక్కని గుట్టు, తోడుగా వచ్చిన పిల్లవానికి మొదటి కథలోనే దక్కింది.

మీరు చెప్పిన గోప్యం, గుహ్యాల తేడా నాకు మరింత ఉపయోగపడింది. కాపాడడం అనే అర్థానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ క్లార్క్ చిన్ననాటి మిత్రుడు పీట్ రాస్. 1961లో, సూపర్‌మాన్ చిన్ననాటి కథలు చెప్పే సూపర్‌బాయ్ పత్రికలో వచ్చిన కథ అది. క్లార్క్, పీట్ ఇద్దరూ గుడారం వేసుకొని అడవిలో రాత్రి గడుపుతారు. క్లార్క్ చీకట్లో బట్టలు మార్చుకుంటున్న క్షణంలో ఒక మెరుపు మెరుస్తుంది, ఆ వెలుగులో గుట్టు పీట్ కంట పడుతుంది. ఆ తరువాత అతడు ఎవరికీ చెప్పడు. క్లార్క్‌కు కూడా చెప్పడు! మిత్రుని గుట్టు బయటపడబోయిన ప్రతిసారీ చాటున ఉండి అడ్డుకుంటూ, తనకేమీ తెలియనట్లే మెలగుతాడు. పద్యంలోని రెండు మాటలకు ఇంతకంటే సూటి వ్యాఖ్యానం నాకు కనబడలేదు.

మరొక సభ్యుని స్పందన:

జిమ్మీ ఓల్సెన్‌ను వదిలివేశారేమి? 1954లో మొదలైన అతని పత్రిక పేరులోనే అతడు సూపర్‌మాన్ నేస్తమని ఉంది. సూపర్‌మాన్‌ను పిలిచే చేతిగడియారం కూడా అతని దగ్గరే ఉంది.

చర్చ ప్రారంభించినవారి సమాధానం:

గడియారం ఇచ్చాడు గాని గుట్టు ఇవ్వలేదు. ఆ గడియారం అదే పద్యంలోని “విడువఁ డాపన్ను” అనే మాటకు ఉదాహరణ. ఆపదలో పడిన జిమ్మీని సూపర్‌మాన్ విడవడు. గోప్యం మాట వచ్చేసరికి, నోట్లో నువ్వుగింజ నానని కుర్రవానికి ఎవరు మాత్రం చెబుతారు? 1958లో లోయిస్ పేరుతో వేరే పత్రిక వచ్చినప్పుడు, దాని పేరు ఆమెను సూపర్‌మాన్ ప్రేయసి అన్నది. నేస్తమూ ప్రేయసీ ఇద్దరూ పత్రికల అట్టల మీద ఉండగా, గుట్టు తెలిసిన పీట్ పేరుతో ఏ పత్రికా రాలేదు.

గుట్టు తెలిసినవారందరూ మిత్రులు కారని కూడా చెప్పాలి. స్పైడర్‌మాన్ కథల్లో హ్యారీ ఆస్బోర్న్ పీటర్ పార్కర్‌కు ప్రాణమిత్రుడు, ఒకే ఇంట్లో ఉన్నవాడు. పీటరే స్పైడర్‌మాన్ అని తెలిశాక, తండ్రి వేసిన గ్రీన్ గోబ్లిన్ అనే దుష్టుని వేషమే తానూ వేసి 1974లో అతని మీదికి వస్తాడు. అంతకు ముందు సంవత్సరం, 1973 జూన్ సంచికలో, గ్వెన్ స్టేసీ తాను ప్రేమించిన పీటరే స్పైడర్‌మాన్ అని తెలియకుండానే వంతెన మీద నుంచి పడి మరణించింది. తెలియనివ్వకపోవడం ఆమెను కాపాడుతుందని పీటర్ నమ్మాడు. కప్పడం వేరు, కాపాడడం వేరు అని పైన వచ్చిన మాట ఇక్కడ కంటికి కనబడుతున్నది.

మేరీ జేన్ కథ మాత్రం ఈ రెండు వరుసలనూ కలిపింది. 1984 అక్టోబరు సంచిక చివర ఆమె పీటర్‌తో, నీవే స్పైడర్‌మాన్‌వని నాకు తెలుసునంటుంది. ఎంతో కాలంగా తెలుసును, బయటపడలేదు. అంటే పీట్ రాస్ చేసిన పనే ఆమె కూడా చేసింది. రెండు సంచికల తరువాత తన ఇంటి కష్టాలను, అంతవరకు నవ్వు వెనుక దాచుకున్న గతాన్ని అతనికి చెప్పుకుంటుంది. ఆ రోజుల్లో వారిద్దరూ ప్రేమికులు కారు, మిత్రులు. పెళ్లి 1987లో జరిగింది. లోయిస్‌కు పెళ్లి మాట ముందు వచ్చి గుట్టు తరువాత వచ్చింది, మేరీ జేన్‌కు గుట్టు ముందు తెలిసి, స్నేహం కుదిరి, పెళ్లి తరువాత వచ్చింది. నా మట్టుకు రెండవ వరుసే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

ఒక్క వాక్యం ఇంకా మిగిలింది. “పీట్ ఆ రహస్యాన్ని క్లార్క్ దగ్గర కూడా దాచాడు” అని నా వ్యాసంలో రాశాను. మొదటి స్పందన రాసినవారి లెక్క ప్రకారం దీనికి ఒక్కటే అర్థం రావాలి, క్లార్క్‌కు తెలియనివ్వలేదని. కాని దాచినది క్లార్క్ గుట్టునే, దాచినది క్లార్క్ కోసమే. “క్లార్క్‌కు కూడా చెప్పలేదు” అని రాస్తే అయోమయం పోతుంది, దానితోపాటు ఆ కాపాడడం కూడా పోతుంది. అందుకే వాక్యాన్ని మార్చకుండా అలాగే ఉంచుతున్నాను. అభ్యంతరం ఉన్నవారు తెలియజేయగలరు.