'సీదింగ్' అంటే ఉడుక్కోవడమేనా?

ప్రశ్న: ఒక ఇంగ్లీషు కథని తెలుగు చేస్తూ 'హీ వాజ్ సీదింగ్' (seething) అన్న వాక్యాన్ని 'అతను ఉడుక్కుంటున్నాడు' అని రాస్తే, చదివినాయన 'ఆగ్రహంతో ఊగిపోయాడు' అని మార్చారు. తమ్ముడు తనని మోసం చేశాడని తెలిసి కూడా అన్న పైకి ఏమీ అనకుండా కూర్చునే సందర్భం అది. ఏది సరైనదండీ?

జవాబు: రెండూ కుదరవండి. ఊగిపోతే నలుగురికీ కనబడుతుంది. సీదింగ్‌లో ఉన్నదే కనబడకపోవడం. మనిషి కదలకుండా కూర్చుంటాడు, అడిగితే 'ఏం లేదు' అంటాడు, లోపల మాత్రం సలసల కాగుతూ ఉంటాడు.

మీరు రాసిన మాట అర్థంలో దగ్గరిదే. సీద్ అంటే అసలు ఉడకబెట్టడమే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడికించవద్దన్న ఆజ్ఞ దగ్గర ఈ క్రియే ఉంది. యాకోబు కూర వండిన చోట దీని భూతకాల రూపం 'సాడ్' (sod) కనిపిస్తుంది. తడిసి ముద్దయిన దాన్ని ఇప్పుడు 'సాడెన్' (sodden) అంటున్నామే, అదీ ఒకప్పుడు ఉడికినదనే! వంట అర్థం దాదాపు పోయి, ఇంగ్లీషులో కోపం మిగిలింది.

తెలుగులో మాత్రం ఉడుకు వేరే దారి పట్టింది. ఉడుక్కోవడంలో కాస్త పిల్లతనం ఉంది. ఆటలో ఓడిన పిల్లాడు ఉడుక్కుంటాడు, అది చూసి పక్కవాళ్లు ఇంకా ఉడికిస్తారు. వాడికి ఉడుకుమోతని పేరు కూడా పెడతారు. ఇంగ్లీషులో కోపం అర్థంలో అలా ఒకరు ఇంకొకర్ని 'సీద్' చేయడం లేదు, ఎవరికి వారు కాగాల్సిందే. మోసపోయిన అన్నని మీరు ఉడుక్కున్నాడంటే చదివేవాడికి నవ్వొస్తుంది.

'లోలోపల కుతకుతలాడిపోతున్నాడు' అనండి. లేదా 'లోలోపల రగిలిపోతున్నాడు'. ఈ 'లోలోపల' తీసేయకండి, పని చేసేది అదే. 'కుమిలిపోతున్నాడు' అని మాత్రం వద్దు, అది దుఃఖం. ఉక్రోషం కూడా ఆలోచించాను కానీ, అందులో ఏమీ చేయలేనితనం, ఏడుపు కలిసి ఉంటాయి. ఈ అన్న ఏమీ చేయలేనివాడిలా లేడు.

మరొకరు: అయితే 'స్మోల్డరింగ్' కూడా ఇదే కదా?

జవాబు: దగ్గరిదే గానీ అది నెమ్మది. మంట లేకుండా పొగతో కాలడం స్మోల్డర్. ఏళ్ల తరబడి ఉండే కోపానికి బాగుంటుంది, మన నివురుగప్పిన నిప్పుకి సరిజోడు. సీదింగ్‌లో వేడి ఇప్పటిది, ఈ క్షణానిది. ఒక్కటి చూసుకోండి, 'స్మోల్డరింగ్' చూపులంటే చాలాసార్లు కోపం కాదు, మోహం. కథల్లో అక్కడ కళ్లు ఎర్రజేయిస్తే ప్రేమ సన్నివేశం కాస్తా కొట్లాట అవుతుంది.

'ఫ్యూమింగ్'ని ఈ వరసలో కలపకండి. అది పొగే అయినా బయటికి వచ్చేస్తుంది. ఒకరి మాటని కొటేషన్లలో పెట్టి చివర 'హీ ఫ్యూమ్డ్' అని రాస్తారు, అంటే మాటగా కక్కేశాడనేగా. మన పత్రికల్లో 'మండిపడ్డారు' దానికి చక్కగా సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్సండీ, కుతకుత పెట్టాను. అదే కథలో 'ఎ సీదింగ్ మాస్ ఆఫ్ పీపుల్' అని కూడా ఉంది. 'ఆగ్రహంతో కుతకుతలాడే జనం' అందామా?

జవాబు: అక్కడ కోపం ఉందో లేదో ముందూ వెనకా చూడండి. జనం గురించి అన్నప్పుడు సీదింగ్ అంటే ఒక్కోసారి వట్టి రద్దీయే, మరిగే నీళ్లలా ఎక్కడా నిలకడ లేకుండా కదలడం. పండగ రోజు బజారైతే 'కిటకిటలాడుతున్న జనం' చాలు. ధర్నా దగ్గరైతే మీదే ఉంచండి.