లీగ్ ఒక్కటే, యూరోపియన్ కప్‌లు రెండు: ఫారెస్ట్‌కి ఇదెలా కుదిరింది?

ప్రశ్న: నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనే ఫుట్‌బాల్ క్లబ్ ఇంగ్లండ్ లీగ్ గెలిచింది ఒక్కసారే, యూరప్ దేశాల లీగ్ విజేతలు తలపడే యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) మాత్రం రెండుసార్లట. ఎలా అండీ?

జవాబు: నిజమే. 1975 జనవరిలో బ్రయాన్ క్లఫ్ మేనేజర్‌గా వచ్చేసరికి క్లబ్ కింది స్థాయి అయిన రెండో డివిజన్‌లో ఉంది. 1977లో మూడో స్థానంతో మొదటి డివిజన్‌కి వచ్చి మరుసటి సీజన్‌లోనే లీగ్ కొట్టేశారు. అలా యూరోపియన్ కప్‌లో చోటు దొరికింది, మొదటి రౌండ్‌లోనే అప్పటి విజేత లివర్‌పూల్‌ని ఇంటికి పంపించి, 1979 మ్యూనిక్ ఫైనల్లో ట్రెవర్ ఫ్రాన్సిస్ గోల్‌తో స్వీడన్ జట్టు మాల్మోని 1-0తో ఓడించారు. కప్పు గెలిచిన జట్టుకి మరుసటి ఏడాది నేరుగా ప్రవేశం ఉండేది, అందుకే లీగ్‌లో రెండో స్థానమే వచ్చినా మళ్లీ ఆడగలిగారు.

జవాబు: నన్నడిగితే 1980దే ఇంకా గొప్పది. మాడ్రిడ్‌లో ఫైనల్, గాయంతో ఫ్రాన్సిస్ లేడు, అవతల జర్మనీ జట్టు హాంబర్గ్‌లో స్టార్ ఆటగాడు కెవిన్ కీగన్. అయినా జాన్ రాబర్ట్‌సన్ గోల్ కొట్టాడు, ఆ ఒక్క గోల్ ఆధిక్యాన్నీ గోల్‌కీపర్ షిల్టన్ చివరిదాకా కాపాడాడు. ఎంత టెన్షన్ మ్యాచో!

జవాబు: 42 లీగ్ మ్యాచ్‌ల సంగతి వదిలేశారేంటి? 1977 నవంబర్ నుంచి 1978 డిసెంబర్ దాకా లీగ్‌లో ఓటమే లేదు, ఆ రికార్డుని 2004లో ఆర్సెనల్ దాటింది.