టీ-టెస్ అబ్జర్వేషన్‌లో రెండు 'డెవలపింగ్'లు వచ్చాయి, సంతకం పెట్టాలా?

గుంటూరు లెక్కలు

టెక్సాస్ పబ్లిక్ స్కూళ్లలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. డాలస్ దగ్గర ఒక స్కూల్ డిస్ట్రిక్టులో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఇక్కడ మొదటి ఏడాది. గుంటూరులో 11 ఏళ్లు చెప్పి వచ్చినదాన్ని.

పోయిన వారం మా అసిస్టెంట్ ప్రిన్సిపాల్ టీ-టెస్ (ఇక్కడ టీచర్ల పనితీరుకి రేటింగ్ ఇచ్చే పద్ధతి) అబ్జర్వేషన్‌కి వచ్చారు. వెనక బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని 45 నిమిషాలూ టకటకా కొడుతూనే ఉన్నారు. పాఠం శాతాలు, డిస్కౌంట్లు. నాకు కొట్టిన పిండి. నిన్న పోస్ట్ కాన్ఫరెన్స్‌లో, అంటే పాఠం చూశాక కూర్చోబెట్టి మాట్లాడేటప్పుడు, కాగితం చేతిలో పెట్టారు. సబ్జెక్టుకి 'అకంప్లిష్డ్'. 'కమ్యూనికేషన్'కీ, 'మానిటర్ అండ్ అడ్జస్ట్'కీ (పిల్లలకి అర్థమవుతోందో లేదో చూసుకుంటూ పాఠం మార్చుకోవడం) 'డెవలపింగ్'.

ఆవిడ నోట్సు చూస్తే, నేను "ఎవ్రీబడీ గాట్ ఇట్?" అని 14 సార్లు అడిగానట. టైముతో సహా ఉంది. 9:12, 9:15, 9:16... ప్రతిదాని పక్కన "పిల్లలు: యెస్". అంతే. ఇంట్లో చూపిస్తే మా ఆయన పడీపడీ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. "అర్థమైందా?" అని అడగని టీచరు మన దగ్గర ఉంటుందా అసలు?

సంతకం పెడితే ఒప్పుకున్నట్టేనా? నాది ప్రొబేషనరీ కాంట్రాక్టు, దీంతో వచ్చే ఏడాదికి తీసేస్తారా? ఇంకోటి, ఇంగ్లీషు సరిగ్గా రాని పిల్లాడికి పక్కవాడి చేత స్పానిష్‌లో లెక్క చెప్పించాను. అది నోట్సులో ఎక్కడా లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

హ్యూస్టన్ అక్క

అమ్మాయ్, ముందు కళ్లు తుడుచుకో. నేను 2014 నుంచి ఇక్కడ ఎలిమెంటరీలో ఉన్నాను. టీచర్లకి రేటింగ్ ఇచ్చే పాత పద్ధతి పీడీఏఎస్ చూశాను, 2016-17లో దాని బదులు టీ-టెస్ వచ్చినప్పుడు అందరం గోలపెట్టాం కూడా. మొత్తం 16 అంశాలు, ఒక్కోదానికి ఐదు మెట్లు. అడుగున 'ఇంప్రూవ్‌మెంట్ నీడెడ్', దానిపైన 'డెవలపింగ్', మధ్యలో 'ప్రొఫిషియంట్', దానిపైన నీకు వచ్చిన 'అకంప్లిష్డ్'. ఈ 'ప్రొఫిషియంట్' అంటే మన ఫస్ట్ క్లాసు లెక్క, పాస్ మార్కులనుకోకు. మొదటి ఏడాదిలో 16లో రెండు 'డెవలపింగ్'లు ఎవరికైనా వస్తాయి, టీ-టెస్ వచ్చిన ఏడాది నాకు మూడొచ్చాయి.

సంతకం కాగితం అందిందని మాత్రమే. ఫారంలో సంతకం పైన ఉన్న లైను చదువు, అదే రాసి ఉంటుంది. కాగితం చేతికొచ్చాక 10 పనిదినాల్లోపు నీ జవాబు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. ఇంకో అప్రైజరు (పాఠం చూసి రేటింగ్ ఇచ్చేవాళ్లు) కావాలన్నా గడువు అదే. స్పానిష్ పిల్లాడి సంగతి రాయి. ఏ నిమిషంలో, ఏ లెక్కకి, వాడు తర్వాత పలక మీద ఏం చేశాడు, నాలుగు లైన్లు చాలు. 11 ఏళ్ల సర్వీసు గురించి మాత్రం రాయకు. వాళ్లు చూసేది ఆ 45 నిమిషాలే.

కాంట్రాక్టు గురించి అబద్ధం చెప్పను. ప్రొబేషనరీ అయితే ఏడాది చివర బోర్డు ఆపేయగలదు, అది చట్టంలోనే ఉంది. కానీ ఈ రెండు 'డెవలపింగ్'లకే ఆపేస్తే టెక్సాస్‌లో లెక్కల టీచర్లు మిగలరు.

ఫ్రిస్కో బావ

సంతకం పెట్టొద్దు. ముందు లాయర్‌ని కలవండి. ఇది యాసని పట్టుకుని చేసిన వివక్ష.

హ్యూస్టన్ అక్క

బావగారూ, 14 సార్లు "గాట్ ఇట్" అన్న కాగితంతో లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన కూడా "గాట్ ఇట్" అని ఫీజు తీసుకుంటాడు. నోట్సులో యాస మాట ఒక్కటైనా ఉందా? ఉంటే అప్పుడు నేనే మీ పక్కన నిలబడతా.

పాత హెడ్మాస్టరు

ప్రకాశం జిల్లాలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాను, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర ఆస్టిన్‌లో ఉన్నాను. మా రోజుల్లో ఇన్‌స్పెక్షన్ అంటే గోడలకు సున్నం, పాఠ్యపథకం రిజిస్టరుకి కొత్త అట్ట. తెలివైన పిల్లలు ముందు బెంచీకి. డిప్యూటీ డీఈఓ గారు మూడు ప్రశ్నలు అడిగి, టీ తాగి, "సంతృప్తికరం" అని రాసి వెళ్లేవారు. ముప్ఫై ఏళ్లలో నేను ఏ మాట ఎన్నిసార్లు అంటున్నానో ఒక్కరూ లెక్కపెట్టలేదమ్మా. మీ నోట్సు చూసి నాకు కొంచెం అసూయగానే ఉంది.

గుంటూరు లెక్కలు

అందరికీ థాంక్స్. సంతకం పెట్టాను, అయిదు లైన్ల జవాబూ జతచేశాను. దాన్ని ఫైల్లో పెట్టారు, రేటింగ్ మాత్రం మారలేదు.

కానీ నిన్న డిస్ట్రిక్టు లెక్కల కోచ్ వచ్చింది. "యెస్" అని ఎవరైనా అంటారు, చేయించి చూడు అంది. ముప్ఫై చిన్న వైట్‌బోర్డులు తెచ్చిచ్చింది. ఈరోజు 40 డాలర్ల చొక్కా 25 శాతం తగ్గింపుకి ఎంత పడుతుందో బోర్డు మీద రాసి ఎత్తమన్నాను. ఇరవై ఆరు మందిలో పదకొండు మంది 10 అని రాశారు. తగ్గినదాన్నే ధర అనుకుంటున్నారు. రెండు వారాలుగా వీళ్లంతా నాకు "యెస్" చెప్పినవాళ్లే.