షెడ్యూలా, స్కెడ్యూలా: ఏది తప్పు?

ఈ మాట మీద ఇక్కడ నడుస్తున్న చర్చంతా చదివాను. ‘షెడ్యూల్ అనేవాళ్లకి ఇంగ్లీషు సరిగ్గా రానట్టే’ అన్న వ్యాఖ్య దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఈ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో షెడ్యూలూ కాదు, స్కెడ్యూలూ కాదు. ‘సెడ్యూల్’ అనేవాళ్లు. తర్వాత లాటిన్ రూపాన్ని బట్టి స్పెల్లింగు మారింది. మారిన స్పెల్లింగు చూసి బ్రిటన్‌లో ‘ష’ అన్నారు. అమెరికాలో నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ గ్రీకు పద్ధతిలో ‘స్క’ ఉండాలన్నాడు, అక్కడ అదే నిలబడింది. మనకు ఈ మాట బ్రిటిష్ చట్టాల వెంట వచ్చింది. అందుకే రాజ్యాంగంలో ఎనిమిదో షెడ్యూల్ అంటాం, షెడ్యూల్డు కులాలు అంటాం. పాతదే ఒప్పు అని పట్టుబడితే ఇవాళ పలికే రెండు రూపాలూ తప్పే అవుతాయి.

రేఫ, అంటే ‘ర’ ధ్వని, దాని సంగతి ఇంతకన్నా లోతైనది. కార్, ఫియర్, ఫోర్త్ లాంటి మాటల్లో అచ్చు తర్వాత వచ్చే ‘ర్’ని లండన్ చుట్టుపక్కల 18వ శతాబ్దం చివరికల్లా వదిలేయసాగారు. స్కాట్లాండు, ఐర్లండు వదల్లేదు. అమెరికాలో ఎక్కువ భాగమూ వదల్లేదు. న్యూయార్క్, బోస్టన్ లాంటి తూర్పు తీరపు నగరాల్లో మాత్రం లండన్ పద్ధతే పెద్దమనుషుల పద్ధతి అయింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1933లో చేసిన ప్రమాణ స్వీకార ప్రసంగం వినండి. తర్వాతి మాట అచ్చుతో మొదలుకాని చోట ఆయన నోట మాటల చివరి రేఫ వినిపించదు.

మరో ముప్పై ఏళ్లకు అదే న్యూయార్క్‌లో కథ తిరగబడింది. 1962లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త మూడు పెద్ద దుకాణాలకు వెళ్లాడు. ఖరీదైన సాక్స్, మధ్యతరగతి వెళ్లే మేసీస్, చవక ధరల క్లైన్. నాలుగో అంతస్తులో ఉంటుందని ముందే తెలిసిన వస్తువు ఎక్కడ దొరుకుతుందని అక్కడి ఉద్యోగులను అడిగాడు. వాళ్లు ‘ఫోర్త్ ఫ్లోర్’ అనేవాళ్లు. వినబడనట్టు మళ్లీ అడిగితే ఈసారి జాగ్రత్తగా, ఒత్తి చెప్పేవాళ్లు. సాక్స్‌లో రేఫ అందరికన్నా ఎక్కువగా పలికింది, క్లైన్‌లో అందరికన్నా తక్కువగా. రెండోసారి చెప్పినప్పుడు రేఫ ఇంకా పెరిగింది. అంటే లండన్‌లో గొప్పింటి గుర్తుగా రేఫ పోయింది, న్యూయార్క్‌లో గొప్పింటి గుర్తుగానే తిరిగొచ్చింది. ఆ ధ్వనిలో గొప్పా లేదు, తక్కువా లేదు. పలికేవాళ్లకి సమాజంలో ఉన్న స్థానాన్ని బట్టే దానికి విలువ కడుతున్నాం.

ఇప్పుడు మన రాత చూడండి. క్లాసు, గ్లాసు, పాసు, లాస్టు అని దీర్ఘంతో రాస్తాం. బ్యాంకు, బ్యాటు అని ‘యా’తో రాస్తాం. ఈ తేడా దక్షిణ ఇంగ్లండుది. అమెరికన్లు రెండు వర్గాల్లోనూ ఒకే అచ్చు పలుకుతారు. క్లాసు కూడా వాళ్ల నోట ‘క్ల్యాస్’కి దగ్గరగా వినబడుతుంది. ఉత్తర ఇంగ్లండులోనూ క్లాసుకి దీర్ఘం ఉండదు, పొట్టి అచ్చే. కాబట్టి అచ్చు విషయంలో మనం లండన్ వైపు. మరి రేఫ? డాక్టరు, నంబరు, మోటారు, దేన్లోనూ మనం రేఫ వదల్లేదు. వినడం కన్నా చదవడం వల్లే ఎక్కువ నేర్చుకున్నందుకు కావచ్చు. ఇక లోహం పేరు అల్యూమినియం అనడమూ బ్రిటిష్ వారసత్వమే. అయితే దాని పేరు మీద తర్జనభర్జన పడిన హంఫ్రీ డేవీ 1812లో వాడింది అమెరికన్లు ఇవాళ అంటున్న ‘అల్యూమినం’ రూపమే. ఆయన ఇంగ్లండు శాస్త్రవేత్త!

ఉచ్చారణ తేడాతో వచ్చే చిక్కు చిన్నది, వాడుక తేడాతో వచ్చేది పెద్దది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారుల సమావేశంలో జరిగిన సంగతిని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. బ్రిటిష్ వాళ్లు ఒక పత్రాన్ని ‘టేబుల్’ చేద్దామన్నారు. వాళ్ల వాడుకలో అంటే వెంటనే చర్చకు పెట్టడం. అమెరికన్ వాడుకలో పక్కన పడేయడం. ఇద్దరికీ కావలసింది ఒక్కటే అయినా, ఆ విషయం తెలిసేలోపు చాలాసేపు గట్టిగా వాదించుకున్నారు.

అలాగని ఎలా పలికినా ఒకటే అనను. అవతలివాళ్లకు అర్థం కావాలి. ఆ పరీక్షలో మనకు అడ్డొచ్చేది షెడ్యూల్ లాంటి మాట కాదు, ఊనిక. ఇంగ్లీషులో ఒక అక్షరాన్ని ఒత్తి, మిగతావాటిని తేలిగ్గా వదిలేస్తారు. మనం అన్నిటికీ సమానంగా బరువిస్తాం, లేదా వేరే అక్షరాన్ని ఒత్తుతాం. ‘డెవలప్‌మెంట్’ అని మొదటి అక్షరాన్ని ఒత్తి చెబితే, ‘డి-వె-లప్’ అని రెండో అక్షరం దగ్గర ఊనిక కోసం ఎదురుచూసే చెవి ఒక్క క్షణం తడబడుతుంది. హోటల్ కూడా అంతే, ఒత్తు ‘టె’ మీద పడాలి. నేర్చుకునే పిల్లలకు ఇది చెబితే మేలు. స్కెడ్యూల్ అనలేదని నలుగురిలో నవ్వితే వాళ్లు నోరు తెరవడమే మానేస్తారు.

చివరగా గుంపులోని పెద్దలకో ప్రశ్న. క్లాసు, గ్లాసులను ‘యా’ అంటుకోలేదు గానీ డాన్సు మాత్రం ‘డ్యాన్స్’ అని కూడా రాస్తున్నాం. ఈ రూపం తెలుగు అచ్చులో ఎప్పటి నుంచి కనిపిస్తోంది? పాత పత్రికలు తిరగేసే అలవాటున్నవాళ్లు ఉదాహరణలు పెట్టగలరా?