అప్‌డేట్: ఇంటి బడ్జెట్ గురించి అడిగిన ప్రశ్నకు కొనసాగింపు

నెలకు 42,000 రూపాయల జీతం వస్తున్నా, ఏటా జూన్‌లో చేబదులు తప్పడం లేదని, ఇంటి బడ్జెట్‌ను ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాను. నెలవారీ ఖర్చులకన్నా ముందు ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చులను రాసుకోమని ఒకరు చెప్పిన మాట నిజంగా దారి చూపింది. వారికి నా కృతజ్ఞతలు.

బడి ఫీజు 36,000, బీమా ప్రీమియం 14,400, ఇంటి పన్ను 3,600, సంక్రాంతి బట్టలకు 6,000 కలిపితే 60,000 రూపాయలు, అంటే నెలకు 5,000. ఇవి వేర్వేరు నెలల్లో కట్టవలసినవి కాబట్టి రికరింగ్ డిపాజిట్ (నెలనెలా కొంత కట్టి, గడువు తీరాక మొత్తం ఒకేసారి తీసుకునే పొదుపు) జోలికి పోకుండా, ఏటీఎం కార్డు తీసుకోని మరో పొదుపు ఖాతాకు జీతం పడిన మరునాడే ఆ సొమ్ము దానంతటదే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకున్నాను. డబ్బు చేతిలో ఉండటంవల్ల ఈసారి హైదరాబాద్‌లోని మా ఇంటి పన్నును ఏప్రిల్‌లోనే కట్టి, 5 శాతం రాయితీ పొందగలిగాము. జూన్ ఫీజుకు ఎవరినీ అడగవలసిన అవసరం రాలేదు. నాకు అన్నిటికన్నా ఊరట కలిగించింది అదే.

పాలు, కూరగాయలు, కిరాణా లెక్కను నా భార్య వంటింటి క్యాలెండర్ మీద ఏ రోజుకారోజు రాస్తోంది. పాలు తీసుకోని రోజున సున్నా చుడుతుంది కనుక నెలాఖరున పాలవారితో లెక్క సులువుగా తేలుతోంది. అమ్మ మందుల ఖర్చు మాత్రం నెలనెలా మారుతోంది; ప్రస్తుతానికి ఎక్కువైన నెల మొత్తాన్నే కేటాయించి, మిగిలినదాన్ని అత్యవసర నిధికి మళ్లిస్తున్నాము.